మైనం పూయని దారం

రొమానా చేతి కుట్టు ఊడిందన్న మాట వూచ్ నగరంలో ఎవరి నోటా వినపడదు. తూర్పు వీధిలో ఒక పాత మేడ లోగిలి దాటి మూడు మెట్లు దిగితే ఆమె కుట్టుగది. లోపల రెండు మిషన్లు, ఒక పొడవాటి కోతబల్ల, గోడకు వేలాడే గోధుమరంగు కాగితపు నమూనాలు. వాటిలో కొన్ని యుద్ధానికి ముందు ఎవరో గీసినవి. మూలన ఇస్త్రీ బల్ల, దాని వెనుక ఆవిరిలో సగం కనిపిస్తూ ఆమె స్నేహితురాలు గెన్యా.

ఆ ఇద్దరూ ఇరవై ఏళ్ళు నిండకముందే కోట్లు కుట్టే ఒకే మిల్లులో చేరారు. మిల్లు మూతపడ్డాక మరో బతుకు తెలియక ఈ గది తెరిచారు. మిల్లు గోడల మధ్య ఇప్పుడు అద్దాల అంగళ్ళు వెలిశాయి. అక్కడ కొన్న కోటు ఒక చలికాలం ఒంటిమీద ఉంటుంది, రెండో చలికాలానికి చెత్తబుట్టలో ఉంటుంది. అలా కొని, పారేసి, విసిగిన పడుచువాళ్ళే ఈ మధ్య తాతల నాటి ఫోటోలు చేతబట్టుకుని మెట్లు దిగి వస్తున్నారు. ఆ భుజం కావాలి, ఆ వెడల్పు కాలరు కావాలి అంటారు. కొత్త గుడ్డ కొనవద్దని రొమానా వాళ్ళను వెనక్కి పంపుతుంది. ఇంట్లో బీరువా అడుగున ఏముందో వెతికి తెమ్మంటుంది. అవ్వ శాలువా, తాత దుప్పటి, పోయినవారెవరిదో కోటు ఆమె బల్లమీదికి వస్తాయి, మరో పాతికేళ్ళ ఆయుష్షు పోసుకుని వెళ్తాయి.

ఇచ్చి పంపేటప్పుడు ప్రతివారితోనూ ఆమె చెప్పే మాట ఒక్కటే. తాను సరిగ్గా కుట్టి ఉంటే ఆ కోటు మళ్ళీ తన గడప తొక్కకూడదు.

ఆ మాటకు లొంగని కోటు ఒకటి ఉంది. అది సెవెరిన్‌ది.

సెవెరిన్ నలభై ఏళ్ళు ఒక అచ్చుకూటంలో తప్పులు దిద్దాడు. పెళ్ళి చేసుకోలేదు. తల్లిని చివరిదాకా చూసుకున్నాడు, ఆమె పోయాక ఒంటరిగా మిగిలాడు. పదకొండేళ్ళ కిందట ఒక అక్టోబరులో తండ్రి కోటును చేతిమీద వేసుకుని ఈ మెట్లు దిగాడు. దాన్ని తిరగేయగలరా అని అడిగాడు. అప్పటికి రొమానా భర్త పోయి ఆరేళ్ళు.

కోటు తిరగేయడం చిన్న పని కాదు. ప్రతి కుట్టూ విప్పాలి. ముక్కలను ఉతికి, ఆరబెట్టి, లోముఖం బయటికి వచ్చేలా మళ్ళీ కూర్చాలి. నలభై ఏళ్ళు ఎండా వానా ఎరుగక లోపల దాగిన ముఖం, నిన్న మగ్గం దిగినట్టు బయటపడుతుంది. అయితే కుడి ఎడమలు తారుమారవుతాయి. గుండె మీద ఉండే చిన్నజేబు కుడివైపుకి పోతుంది. పాత కాజాలు కూడా అవతలి వైపు చేరతాయి. వాటిని ఆ గుడ్డలోంచే లాగిన పోగులతో మూయాలి. ఎంత నేర్పుగా మూసినా తెలిసిన కంటికి ఆ కుడిజేబు ఒక్కటే చాలు. లేమి రోజుల్లో జనం ఆ జేబును కండువాతో కప్పుకునేవారు. ఇప్పటి పిల్లలు దాన్నే చూపించుకుని తిరుగుతున్నారు.

ఆ ఊరి భాషలో కోటును తిరగేయడానికి వాడే మాటనే మనిషి మాటను తిరగేసి బోర్లేసి చూడడానికీ వాడతారు. సెవెరిన్ మొదటిరోజే దాన్ని పట్టుకున్నాడు.

“నేను వాక్యాలు తిరగేశాను, మీరు కోట్లు తిరగేస్తారు. ఇద్దరిదీ ఒకటే పని, రొమానా గారూ. కాకపోతే మీ పని చలికి పనికొస్తుంది.”

ఆమె నవ్వింది. తాను నవ్విన సంగతి, ఆయన వెళ్ళిపోయాక గెన్యా చెబితే తెలిసింది.

కొలత చూసుకోవడానికి ఆయన మూడుసార్లు వచ్చాడు. మూడోసారి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడినప్పుడు, అది బాగా కుదిరిందని రొమానా గ్రహించింది. ఆ వెంటనే మరొకటి గ్రహించింది. ఈ కోటు ఇంకో ఇరవై ఏళ్ళు నిలుస్తుంది. ఆ ఇరవై ఏళ్ళూ ఈ మనిషికి ఇటు రావలసిన పని ఉండదు.

గుండీలు కుట్టడం ఒక్కటే మిగిలింది. కొమ్ముతో చేసిన అయిదు గుండీలు. నాలుగింటిని తనకు తెలిసిన పద్ధతిలోనే కుట్టింది. దారానికి మైనం పట్టించింది, గుండీ కింద ఏడు చుట్లు చుట్టింది, లోపలివైపు ఊతంగా ఒక చిన్న గుండీ వేసి ముడి బిగించింది. పైనుంచి రెండోదానికి మాత్రం మైనం పూయలేదు. చుట్లు మూడే వేసింది. వెనుక ముడి వేయలేదు.

అది చెయ్యి తనంత తాను చేసిన పని అని కొన్నాళ్ళు చెప్పుకుంది. చెయ్యి తనంత తాను ఏ పనీ చేయదని కుట్టేవాళ్ళకు బాగా తెలుసు.

మరుసటి ఏడాది నవంబరులో సెవెరిన్ వచ్చాడు. రుమాలులో చుట్టిన గుండీని బల్లమీద పెట్టి, ట్రాములో ఊడిందనీ, ఎవరో ఆడమనిషి ఏరి ఇచ్చిందనీ చెప్పాడు. తన అజాగ్రత్తకు క్షమించమన్నాడు. రొమానా కేటిల్ పొయ్యిమీద పెట్టింది. గాజు గ్లాసుల్లో నిమ్మచెక్క వేసిన టీ తాగారు, గసగసాల కేకు తిన్నారు. ఊడిన గుండీని ఆమె గట్టిగా కుట్టింది. మిగతావి కూడా ఓసారి చూస్తానని కింద నుంచి రెండోదాన్ని విప్పి, వదులుగా కుట్టింది. ఏటా ఒకే గుండీ ఊడితే తప్పులు దిద్దినవాడి కన్ను పట్టుకుంటుందని ఆమెకు తోచింది. మోసానికి ఎంత ముందుచూపు కావాలో అంతా ఆమె దగ్గర ఉంది. ఆనాడు బజారులో వెతికి, అవే గుండీలు ఒక సీసా నిండా కొని దాచింది.

అలా ఏటేటా జరిగింది. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం. ఆయన అంగళ్ళ పేరుపలకల మీద తాను చూసిన అక్షరదోషాలు చెప్పేవాడు. ఆమె ఆ ఏడు తన బల్లమీదికి వచ్చిన కోట్ల కథలు చెప్పేది. తరువాత ఆయన లేచి కోటు తొడుక్కుని నిలబడేవాడు. ఒంటిమీది బట్టకు సూది తగిలిస్తే, తొడుక్కున్నవాళ్ళు ఒక దారప్పోగును పళ్ళ మధ్య పట్టుకోవాలని అక్కడి ఆచారం. లేకపోతే గుండీతోపాటు జ్ఞాపకం కూడా కుట్టుకుపోతుందట. పోగు పళ్ళ మధ్య ఉన్నంతసేపూ పెదవి విప్పకూడదు. ఆయన బుద్ధిగా పోగు కొరికి పట్టుకునేవాడు. ఆమె ఆయన గుండెకు జానెడు దూరంలో తల వంచి కుట్టేది. కోటును బల్లమీద పరిచి కుడితే ఇంకా బాగా వస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు, ఆమె చెప్పలేదు.

గెన్యాకు మొదట నవ్వులాటగా ఉండేది.

“ఏమే, ఆయన కోటుకేమన్నా దయ్యం పట్టిందా? ఊరందరి గుండీలూ చచ్చినా ఊడవు, ఈయనవి మాత్రం ఏటికోటి ఆకు రాలినట్టు రాలతాయి.”

ఏడో ఏట ఆ కోటును ఇస్త్రీ చేస్తూ ఆమె ఆగింది. ఒక గుండీ కింది దారాన్ని గోటితో లాగి చూసింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కోటుతో రొమానా దగ్గరికి వచ్చింది.

“ఇది నువ్వు కుట్టిందేనా? మిల్లులో ఇలాంటిది కుడితే మేస్త్రీ మన మొహాన కొట్టేవాడు.”

రొమానా మిషను తొక్కుతూనే ఉంది.

“ఆ మాటేదో నోటితో చెప్పవే పిచ్చిదానా. గుండీల చేత ఎన్నేళ్ళు చెప్పిస్తావు?”

ఎందుకు చెప్పలేదో రొమానా తనను తాను చాలాసార్లు అడిగింది. సిగ్గు అనుకుంది, వయసు అనుకుంది. కానీ లోపలికి పోయిన కొద్దీ మరొకటి తగిలేది. సెవెరిన్ ఆమెలో మెచ్చుకున్నది ఆమె పనిని. మీ కుట్టులో తప్పు వెతకడం నాకు చేతకాలేదని ఒకసారి అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట రాదని ఆమెకు తెలుసు. ప్రేమ చెబితే కుట్టు సంగతి చెప్పాలి. కుట్టు సంగతి చెబితే ఆయన ప్రేమించదగినది ఏదైనా తనలో మిగులుతుందా?

మరొక ఆలోచన అంతకంటే బాధించేది. అద్దాల అంగళ్ళవాళ్ళు కొన్నవాడు మళ్ళీ రావాలని ఊడిపోయేలా కుడతారు. తానూ అందుకే కుట్టింది. వాళ్ళది లాభం కోసం, తనది మనిషి కోసం. దారానికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

అయినా మానలేదు. పైగా పోయిన నవంబరులో ఆశ పెరిగింది. తనకు అరవై రెండు నిండాయి, ఆయనకు డెబ్భై ఒకటి. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం చొప్పున ఇంకెన్ని మధ్యాహ్నాలు? ఆ రోజు ఆమె మూడు గుండీలను వదులుగా కుట్టింది. ఒకటి చలికాలం మధ్యలో ఊడుతుందని, ఒకటి వసంతంలో ఊడుతుందని, మూడోది ఎప్పటిలా నవంబరుకు ఊడుతుందని లెక్క వేసుకుంది.

లెక్క తప్పింది. రెండు గుండీలు ఒకే వారంలో, అక్టోబరు మొదట్లో ఊడాయి.

సకల పునీతుల పండుగ వెళ్ళిన సోమవారం సెవెరిన్ మెట్లు దిగాడు. సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చినవాళ్ళ కోట్లకు అంటుకునే చేమంతుల వాసన ఆయన కోటుకు ఇంకా ఉంది. ఎప్పటిలా రుమాలు తీయలేదు. గుండీలు రెండూ ఎక్కడ పడ్డాయో తెలియదన్నాడు. మూడోది దారానికి వేలాడుతోంది. కేకు ముట్టుకోలేదు. టీ చల్లారిపోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళానన్నాడు. ఈ మధ్య ఏమేం పోగొట్టుకుంటున్నారని డాక్టరు అడిగాడట.

“గుండీలు అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.”

తరువాత ఆయన నెమ్మదిగా, దిద్దిన ప్రతి చదివినట్టు, అంతా చెప్పాడు. తన తల్లికి మొదట చేతితొడుగులు పోయాయి. ఆపైన గుండీలు, తాళాలు. ఆపైన మనుషుల పేర్లు. తనకు తాళాలూ కళ్ళజోడూ ఉన్నచోటే ఉన్నాయి, నిజమే. కానీ ఏ జబ్బయినా ఒక మూల నుంచే కదా మొదలయ్యేది. పదకొండేళ్ళలో పన్నెండు గుండీలు. ఏటా ఒకటి పోతుంటే పరధ్యానం అని సరిపెట్టుకున్నాడు. ఒకే వారంలో రెండు పోయాక సరిపెట్టుకోలేకపోయాడు. డాక్టరు ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు, ఏడాది ఆగి చూద్దామన్నాడు. ఏడాది ఆగితే కొత్త వీధులు నేర్చుకునే శక్తి ఉంటుందో ఉండదో. అందుకని క్రినీత్సా కొండల్లో ఉండే చెల్లెలు క్లెమెంతినా ఇంటికి వెళ్ళిపోతున్నాడు. గది సిద్ధంగా ఉంది. ఇక్కడి ఇంటి తాళాలు బుధవారం అప్పగిస్తాడు. గురువారం రైలు.

ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరి ఆగిపోయింది.

“ఒక్క సాయం చెయ్యాలి మీరు,” అన్నాడాయన. “ఈసారి కాస్త గట్టిగా కుట్టండి. తప్పు మీది కాదని తెలుసు. కానీ నాలాంటివాడి కోసం కుట్టినట్టు కుట్టండి.”

గెన్యా కండువా తల చుట్టూ బిగించుకుని, రొట్టె అయిపోయింది, కొనుక్కొస్తానంది. అలమరలో పొద్దున కొన్న రొట్టె కోయకుండా ఉంది. వెళ్తూ వెళ్తూ రొమానా భుజాన్ని వేళ్ళతో నొక్కింది. తలుపు మూసుకుంది.

రొమానా సీసాలోంచి గుండీలు తీసింది. వేలాడుతున్న గుండీని కత్తెరతో తుంచింది. మిగతా రెండూ గట్టివే అయినా వాటినీ విప్పింది. అయిదూ కొత్తగా కుడతానంది. దారాన్ని మైనపు ముద్ద మీద నాలుగుసార్లు లాగింది. ఆయన కోటు తొడుక్కుని నిలబడ్డాడు. ఆమె తెల్లటి పోగు అందించింది, ఆయన పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

మొదటి గుండీ కుట్టడం మొదలుపెట్టింది. ఏడో చుట్టు చుట్టి, ముడి బిగించి, రెండోదానికి సూది గుచ్చుతూ అంది:

“మీరు మాట్లాడకూడదు కాబట్టి నేను మాట్లాడతాను. మీ గుండీలు మీరు పోగొట్టుకోలేదు, సెవెరిన్ గారూ. నేను పోగొట్టాను. ఊడేలా కుట్టాను. మైనం పెట్టకుండా, మూడు చుట్లేసి, ముడి వెయ్యకుండా. మొదటి ఏడు ఒకటి. ఆ తరవాత ఏటా ఒకటి. పోయిన ఏడు మూడు. ఇందాక తుంచానే, అది మూడోది.”

ఆయన ఊపిరి ఆమె జుట్టుకు తగులుతోంది. అది ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆమె తల ఎత్తలేదు. గుండీతోనే చెప్పింది.

“మీరు మళ్ళీ రావాలని చేశాను. ఇంకే పనీ మిమ్మల్ని ఇటు తీసుకురాదని చేశాను. మీకు ఏ జబ్బూ లేదు. మీ అమ్మగారి జబ్బు మీకు రాలేదు. ఆ పన్నెండూ నా తప్పులు. మీరు దిద్దాల్సినవి.”

అయిదో గుండీ ముడి వేసేసరికి కిటికీలో వెలుతురు పలచబడింది. ఆమె దారం తెంపింది. ఆయన పోగును పళ్ళ మధ్య నుంచి తీసి, వేలికి చుట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయన నవ్వుతున్నాడని ఆమెకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. పసిపిల్ల చెప్పిన మాటకు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

“నలభై ఏళ్ళు రచయితలు నాకు ఇదే మాట చెప్పారు. తప్పు చూపిస్తే, కావాలనే అలా రాశాం అనేవాళ్ళు. ఒక్కరిదీ నిజం కాలేదు.”

“ఇది నిజం.”

“మీ చేతికి చెడ్డ కుట్టు కుట్టడం రాదండీ. నేను అడుగడుగునా తప్పు కోసం వెతికే మనిషిని. పదకొండేళ్ళుగా ఈ కోటు తొడుక్కుంటున్నాను. నాకు కనపడదా?”

ఆమె సీసా ఎత్తి చూపించింది. మొదటి గుండీ ఊడిన నాడే కొన్నానని, ఇంకా ఊడతాయని తెలిసే కొన్నానని చెప్పింది. మంచి దర్జీ దగ్గర విడి గుండీలు ఉండడంలో వింతేముందని ఆయన అన్నాడు. అప్పుడామెకు రుజువు గుర్తుకువచ్చింది. ఇందాక తుంచిన గుండీ దారానికి మైనం లేదు. అది ఒక్కటి దొరికితే చాలు. మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా వెతికింది. నేలమీద వారం రోజుల దారాలున్నాయి. మైనం పూసినవి, పూయనివి, నల్లవి, ఊదావి, పొట్టివి, పొడుగువి. తన తప్పుకు సాక్ష్యం ఆ కోటు మీదే వేలాడుతుండగా, మంచిగా కుట్టాలన్న తొందరలో తానే దాన్ని తుంచి పారేసింది.

సెవెరిన్ వంగి ఆమె మోచెయ్యి పట్టుకుని లేపాడు. పదకొండేళ్ళలో ఆయన ఆమెను ముట్టుకోవడం అదే మొదలు.

“అబద్ధం చెప్పడం మీకు అలవాటు లేదు. నాకోసం చెప్పారు. ఇది నేను ఎంతవరకు గుర్తుంచుకోగలనో అంతవరకూ గుర్తుంచుకుంటాను.” గొంతు తగ్గించి అన్నాడు: “నేనూ ఒకటి చెప్పాలి. గుండీ ఊడినప్పుడల్లా భయం వేసేది. ఆ వెనకాలే, ఇటు రావచ్చు కదా అని సంతోషం వేసేది. ఆ సంతోషం కోసమే ఇన్నేళ్ళూ డాక్టరు దగ్గరికి పోలేదు.”

“అయితే ఉండిపోండి.”

ఆ రెండు మాటలూ ఆమె నోట ఎంత తేలికగా వచ్చాయంటే, వాటిని పదకొండేళ్ళు ఎందుకు మోసిందో ఆమెకే అంతుపట్టలేదు.

“మా అమ్మ ఆఖరి రెండేళ్ళు నన్ను పాలవాడా అని పిలిచింది,” అన్నాడు సెవెరిన్. “నేను రోజూ పాలవాణ్ణయ్యాను. ఆ పని మీకు పెట్టను. మీ పేరు మరిచిపోయే రోజున నేను ఈ ఊళ్ళో ఉండకూడదు, రొమానా గారూ.”

పాతకాలపు మనిషి కాబట్టి, వంగి ఆమె చేతిని ముద్దు పెట్టుకున్నాడు. సూది ఇంకా ఆ వేళ్ళ మధ్యే ఉంది. కోటు గుండీలు అయిదూ ఒక్కొక్కటిగా, తడుముకుంటూ పెట్టుకున్నాడు. మెట్లెక్కి లోగిలి దాటి వెళ్ళిపోయాడు.

గెన్యా రొట్టెతో వచ్చి అలమరలో ఉన్న రొట్టె పక్కన పెట్టింది.

“చెప్పావా?”

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“నాకు చెడ్డ కుట్టు కుట్టడం రాదన్నాడు.”

గెన్యా స్టూలు లాక్కుని కూర్చుంది. కండువా విప్పుకోలేదు. ఆ సాయంత్రం ఇస్త్రీ కావలసిన బట్టలు అలాగే ఉండిపోయాయి.

గురువారం రొమానా స్టేషనుకు వెళ్ళలేదు. వెళ్తే మళ్ళీ అదే నిజం చెప్పాలి. నమ్మనివాడికి రెండోసారి చెప్పే నిజం మొదటిదానికంటే పెద్ద అబద్ధంలా వినిపిస్తుంది. ఉత్తరం రాసింది. అందులో అంతా వివరంగా రాసింది, ఏ ఏడు ఏ గుండీ అన్నది కూడా. చదువుకుంటే అది ఒక మంచి మనసున్న ఆడమనిషి శ్రద్ధగా అల్లిన కథలా ఉంది. చింపేసింది. ఇంకోటి రాసింది. అది మరీ నమ్మించడానికే రాసినట్టు ఉంది, అందుకని అదీ చింపేసింది.

ఆ చలికాలం పని ఎక్కువ. తాత దుప్పటితో పొడుగు కోటు కుట్టించుకున్న ఒక అమ్మాయి అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, మీరు కుట్టింది జీవితాంతం ఉంటుందట, అందరూ చెప్పారు అంది. రొమానా అవునంది. ఎప్పుడూ చెప్పే మాట ఆ రోజు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కోటును కాగితంలో చుట్టి ఇచ్చింది. అమ్మాయి మెట్లెక్కుతుంటే ఆమె వీపునే చూస్తూ ఉండిపోయింది. ఇలా ఎంతమందిని మళ్ళీ రాకుండా పంపేసిందో ఇన్నేళ్ళలో ఎన్నడూ తలపోయలేదు. ఒకరికి ఏ లోటూ లేకుండా చేసి పంపడమే మంచితనమని నమ్మింది. అది నిజమే కావచ్చు. ఆ మంచితనం వెనుక ఖాళీ గది ఒకటి మిగులుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నిజాయితీ గురించి కూడా అలాగే అనుకునేది. ఒక్కొక్క కుట్టూ వేసి నలభై ఏళ్ళు కట్టుకున్న ఆ గోడ, తాను చెప్పిన ఒక్క నిజాన్ని అవతలికి పోనివ్వలేదు.

ఏప్రిల్‌లో క్రినీత్సా నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. మిషను ఆపి, కిటికీ దగ్గరికి వెళ్ళి చదివింది.

కొండల్లో మంచు ఇంకా కరగలేదని రాశాడు. చెల్లెలు నోరు మంచిది కాదుగానీ వంట మంచిదని రాశాడు. ఊరి వీధులన్నీ నేర్చుకున్నాడు, దుకాణదారుల పేర్లు కూడా. అక్కడి గ్రంథాలయంలో కార్డులు దిద్దే పని పెట్టుకున్నాడు. ఒకదానిలో ఆమె పేరే ఉన్న రచయిత్రి కనిపించింది, ఆ రోజంతా బాగుంది.

చివరి పేరా ఇలా ఉంది:

“మీకు సంతోషం కలిగించే మాట ఒకటి. నవంబరు నుంచి ఈ రోజు వరకు నేను ఒక్క గుండీ కూడా పోగొట్టుకోలేదు. అయిదూ ఉన్నాయి. ఇక్కడి డాక్టరుకు ఈ సంగతి చెబితే ఆయన కూడా ఆశ్చర్యపోయాడు. కొండగాలి మహిమో, చెల్లెలి క్రమశిక్షణో తెలియదు, నేను బాగుపడుతున్నాను. మీ ఊరి తేమలోకి మళ్ళీ రావడానికి ధైర్యం చాలడం లేదు. క్లెమెంతినా కూడా కదలవద్దంటోంది. ఇక్కడికి రావడం సరైన నిర్ణయమని ఇప్పుడు నిశ్చయంగా తెలిసింది. గుండీల కోసం ఇక మిమ్మల్ని ఎన్నడూ శ్రమ పెట్టను.”

ఆమె ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచింది. ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి గెన్యా ఆవిరి పక్కకు ఊది చూస్తోంది.

“ఏం రాశాడే?”

రొమానా మిషను దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆపిన చోట సూది దించింది.

“గుండీలు ఊడలేదట,” అంది.